మైకేల్ జాక్సన్: మా నల్లగొండ డాన్స్ తరగతిలో తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ రామగిరిలో ఒక మేడ మీది గదిలో పిల్లలకు డాన్స్ నేర్పుతాను. ఆ గది గోడకు ఒకే ఒక్క పటం ఉంది. నల్ల టోపీ, ఒక చేతికి తెల్ల తొడుగు, మడమలెత్తి కాలివేళ్ల కొసల మీద నిలబడ్డ మనిషి. పిల్లలను దింపడానికి వచ్చే తల్లిదండ్రులూ తాతలూ ఆ పటం దగ్గర ఆగి ఏదో ఒకటి అడుగుతారు. కొందరు ఇష్టంతో, కొందరు అనుమానంతో. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆ పటంలో ఉన్నది ఎవరు?

మైకేల్ జాక్సన్. అమెరికా గాయకుడు. 1958 ఆగస్టు 29న ఇండియానా రాష్ట్రంలోని గేరీ అనే ఊళ్లో పుట్టాడు, 2009 జూన్ 25న లాస్ ఏంజెలిస్‌లో చనిపోయాడు. యాభై ఏళ్లే బతికాడు. అందులో నలభైకి పైగా పాటతోనే గడిచాయి.

డబ్బున్న ఇంట్లో పుట్టాడా?

లేదు. గేరీ ఉక్కు కర్మాగారాల ఊరు. తండ్రి జోసెఫ్ అక్కడ క్రేన్ నడిపేవాడు. తల్లి క్యాథరిన్ ఇల్లు చూసుకుంటూనే ఒక దుకాణంలో కొన్ని గంటలు పనిచేసేది. రెండు పడకగదుల ఇల్లు, తొమ్మిది మంది పిల్లలు. వాళ్లలో మైకేల్ ఏడోవాడు. మిర్యాలగూడ రైస్ మిల్లుల వెనక కూలీల ఇళ్లు చూసినవాళ్లకు ఆ ఇరుకును వేరే వర్ణించనక్కరలేదు.

తండ్రికి ఒక గిటారు ఉండేది. పిల్లలెవరూ ముట్టుకోకూడదని కట్టడి. ఆయన పనికి వెళ్లగానే టీటో అనే కొడుకు దొంగతనంగా వాయించేవాడు. ఒకరోజు తీగ తెగింది, దొరికిపోయాడు. తండ్రి కోప్పడ్డాడు గానీ, ఏదీ వాయించి చూపించమన్నాడు. వాడి చేతిలో విద్య ఉందని అప్పుడే తెలిసింది. అన్నదమ్ముల మేళం అలా మొదలైంది. చిందు భాగోతం ఆడే కుటుంబాల్లో పిల్లలకు చిన్నప్పుడే వేషం కడతారు కదా, జాక్సన్ల ఇల్లూ అలాగే ఇంటిల్లిపాదీ ఆడిపాడే మేళమైంది.

ఎన్నేళ్లకు పాడటం మొదలుపెట్టాడు?

ఐదేళ్లప్పుడు బడిలో పాడితే టీచర్లు కళ్లు తుడుచుకున్నారని తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1967లో న్యూయార్క్‌లోని అపోలో థియేటర్‌లో అన్నదమ్ములు ఔత్సాహికుల పోటీ గెలిచారు. 1969లో డెట్రాయిట్‌కు చెందిన మోటౌన్ అనే పాటల రికార్డుల కంపెనీ వాళ్లను తీసుకుంది. 1970లో ‘జాక్సన్ ఫైవ్’ పేరుతో వాళ్ల పాటలు నాలుగు, ఒకదాని వెంట ఒకటి, అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానానికి వెళ్లాయి. ముందు నిలబడి పాడిన పిల్లవాడికి అప్పటికి పదకొండు, పన్నెండేళ్లే. 1975లో, తమ పాటలు తామే రాసుకోనివ్వడం లేదని కంపెనీ మారారు. మోటౌన్ యజమాని కూతురిని పెళ్లాడిన అన్న జెర్మెయిన్ మాత్రం అక్కడే ఉండిపోయాడు.

తండ్రి కొట్టేవాడంటారు, నిజమేనా?

నిజం. 1993లో టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రేతో మాట్లాడినప్పుడు, తండ్రిని చూస్తేనే భయంతో కడుపులో తిప్పి వాంతి వచ్చేదని మైకేల్ చెప్పాడు. బెత్తంతో, బెల్టుతో కొట్టినట్టు తండ్రి కూడా తర్వాత ఒప్పుకున్నాడు. దెబ్బలు తిన్నాడు కాబట్టే అంత గొప్పవాడయ్యాడని నాతో వాదించిన తండ్రులు ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఐదేళ్లకే టీచర్లను ఏడిపించిన గొంతు ఏ బెల్టూ ఇచ్చింది కాదు.

ఆయన డాన్సరు కదా, గాయకుడు అంటారేమిటి?

ఈ ప్రశ్న కోసమే నేను ఇదంతా రాస్తున్నాను. మన ఊళ్లకు మైకేల్ జాక్సన్ బొమ్మగా వచ్చాడు, గొంతుగా రాలేదు. భాష తెలియదు, పదాలు పట్టుబడవు, కాబట్టి కాళ్లు చూశాం. చెవిని పక్కన పెట్టాం. నేనూ పదేళ్లు అలాగే గడిపాను.

ఆయనకు స్వరలిపి రాయడం రాదు. పాట మొత్తం తలలో తయారయ్యేది. డ్రమ్ము ఎలా మోగాలో, గిటారు ఎక్కడ తగలాలో, వెనక వరస ఎలా నడవాలో అన్నీ నోటితోనే పలికించి టేపు రికార్డరులో ఎక్కించి సంగీతకారులకు వినిపించేవాడు. పాలమూరు పల్లెల్లో అక్షరం రాకుండానే రాత్రంతా కథ పాడే గాయకుల సంగతి మనకు కొత్త కాదు. విద్య ఉండేది కాగితం మీద కాదు.

వెనక వినిపించే వంత గొంతులు చాలా పాటల్లో ఆయనవే. ఒకే మనిషి పొర మీద పొరగా పాడినవి. మాట చివర ఊపిరి తెగగొట్టడం, ఎక్కిళ్లలా చిన్న శబ్దం వదలడం, పదానికి ముందు గాలి పీల్చడం కూడా తాళంలో భాగమే. 1979 ఆల్బంలో ఒక విరహగీతం ఉంది. ఎన్నిసార్లు పాడినా చివరికి వచ్చేసరికి ఏడ్చేవాడు. సంగీత నిర్మాత క్విన్సీ జోన్స్ ఇక ఆ ఏడుపును అలాగే ఉంచేశాడు. ఇప్పటికీ ఆ పాట చివర గొంతు పగలడం వినిపిస్తుంది.

ఇంకో సంగతి. పాడేటప్పుడు ఆయన కదలకుండా నిలబడలేడు. చిటికెలు వేస్తాడు, నేలను తంతాడు. మరో రికార్డింగ్ ఇంజనీరైతే ఆ చప్పుళ్లు పడకుండా జాగ్రత్తపడేవాడు. బ్రూస్ స్విడియన్ మాత్రం మైకేల్ కాళ్ల కింద చెక్క పలక వేయించి, ఆ చప్పుళ్లను కూడా పాటలో ఉంచాడు. ఆ డాన్స్ పాటలోంచే పుట్టిందనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

‘థ్రిల్లర్’లో అంత గొప్ప ఏముంది?

1982 నవంబరు చివర్లో విడుదలైన ఆల్బం ఇది. తొమ్మిది పాటలు. వాటిలో ఏడు అమెరికాలో మొదటి పది స్థానాల్లోకి వెళ్లాయి. ఆల్బం 37 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ప్రపంచంలో అన్నింటికంటే ఎక్కువగా అమ్ముడైన ఆల్బం అదే. 1984 గ్రామీ సంగీత పురస్కారాల సభలో మైకేల్‌కు ఒక్క రాత్రే ఎనిమిది బహుమతులు వచ్చాయి.

అంకెల కంటే నాకు ముఖ్యమైనది వేరొకటి. అప్పట్లో ఎంటీవీ అనే సంగీత ఛానల్‌లో నల్లజాతి గాయకులు కనిపించడమే అరుదు. రాక్ తెల్లవాళ్లది, సోల్ నల్లవాళ్లది అని రేడియోల్లో కూడా గీత గీసి ఉండేది. మైకేల్ రాక్ పాట ఒకటి చేసి, దానికి గిటారు వాయించమని ఎడ్డీ వాన్ హేలెన్‌ను పిలిపించాడు. ఆయన డబ్బు తీసుకోకుండా వాయించి వెళ్లాడు. అదే ఆల్బంలోని ‘బిల్లీ జీన్’ పాట వీడియో వచ్చాక ఆ ఛానల్ తలుపు మూసి ఉంచలేకపోయింది. మైకేల్ తర్వాత వచ్చినవాళ్లు ఆ తలుపులోంచే లోపలికి వెళ్లారు.

మన వైపు ఆయన పేరు ఎలా తెలిసింది?

చాలామందికి మొదట చిరంజీవి ద్వారా. 1985లో వచ్చిన ‘దొంగ’ సినిమాలో శ్మశానంలోంచి శవాలు లేచి ఆడే పాట ఉంది. అది ‘థ్రిల్లర్’ వీడియో చూసి చేసినదని మా పెద్దవాళ్లలో ఎవరికీ తెలియదు. అసలుది నేను చూసేసరికి చాలా ఏళ్లు గడిచాయి. చూసినప్పుడు, ఇది మన సినిమా పాటలా ఉందే అనుకున్నాను.

ఆ తర్వాత బ్రేక్ డాన్స్ వచ్చింది. వినాయక చవితి మండపాల ముందు, కళాశాల వార్షికోత్సవాల్లో ఎవరో ఒకరు టోపీ పెట్టుకుని ఎక్కేవారు. గడియారం సెంటర్ వైపు క్యాసెట్ల దుకాణంలో ఖాళీ క్యాసెట్ ఇస్తే కోరిన పాటలు ఎక్కించి ఇచ్చేవారు. నా మొదటి మైకేల్ క్యాసెట్ అలా ఎక్కించుకున్నదే. ఒక వైపు ఆయన పాటలు, రెండో వైపు మా అమ్మ కోసం అన్నమయ్య కీర్తనలు.

మూన్‌వాక్ ఆయన కనిపెట్టిందేనా? మా పాపకు ఎందుకు రావడం లేదు?

కనిపెట్టింది ఆయన కాదు. బిల్ బెయిలీ అనే టాప్ డాన్సర్ 1950లలోనే అలా వెనక్కి జారాడు. మైకేల్ దాన్ని తన కాలపు యువ డాన్సర్ల దగ్గర నేర్చుకున్నాడు. 1983 మార్చి 25న మోటౌన్ ఇరవై ఐదేళ్ల పండుగ వేదిక మీద, ‘బిల్లీ జీన్’ మధ్యలో, కొద్ది క్షణాలు చేశాడు. మే 16న అది టీవీలో వచ్చింది. అప్పటి నుంచి ఆ నడక ఆయనదే అయింది.

ఇక మీ పాప సంగతి. పిల్లలందరూ చేసే తప్పు ఒకటే, బరువు మొత్తం జారే కాలి మీద వేస్తారు. బరువు ఉండాల్సింది మడమ లేపిన కాలి మీద, అంటే వేళ్ల మీద నిలిచిన కాలి మీద. రెండో పాదం నేలకు అంటుకుని, బరువు లేకుండా వెనక్కి జారాలి. జారడం అయిన క్షణంలోనే పాత్రలు మారాలి: జారిన కాలి మడమ లేస్తుంది, లేచి ఉన్న మడమ కిందికి దిగుతుంది. రెండూ ఒకేసారి జరగాలి. తల పైకీ కిందికీ ఊగకూడదు. ఇంట్లో షాబాద్ బండలుంటే మేజోళ్లు వేసుకుని సాధన చేయించండి. గచ్చు మీద, డాబా మీద వద్దు. పాదం పట్టేస్తుంది, మోకాలు నొప్పి పెడుతుంది.

నేలకు వాలిపోయినట్టు ముందుకు వంగుతాడు, అదెలా?

అది కండబలం కాదు. దయచేసి పిల్లలతో చేయించవద్దు, ముక్కు పగిలిన పిల్లవాణ్ని నేను చూశాను. వీడియోలో తాళ్లు కట్టారు. వేదిక మీద చేయడానికి ప్రత్యేకమైన బూట్లు తయారు చేయించుకున్నాడు. మడమ కింద గాడి ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికి వేదికలోంచి ఒక మేకు పైకి లేస్తుంది. గాడిని దానికి తగిలించి వంగుతాడు. ఆ బూట్లకు ఆయన పేరుతో, మరో ఇద్దరి పేర్లతో 1993లో అమెరికా పేటెంటు వచ్చింది.

తెల్లగా కనిపించాలని చర్మం మార్పించుకున్నాడట కదా?

కాదు. ఆయనకు బొల్లి ఉంది. ఈ జవాబు పెద్దది, ఓపికగా చదవండి.

బొల్లిలో చర్మానికి రంగునిచ్చే కణాలను శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున నాశనం చేస్తుంది. అక్కడ తెల్ల మచ్చ పడుతుంది. మైకేల్‌కు ఈ జబ్బు ఉన్నట్టు 1980లలో వైద్యులు తేల్చారు. మొదట్లో మచ్చల మీద ముదురు రంగు పూసి కప్పేవాడు. మచ్చలు ఎక్కువై ఒళ్లంతా పాకాక, మిగిలిన ముదురు చర్మం రంగు కూడా తగ్గించి ఒకే రంగుకు తెచ్చే మందు వాడాడు. ఎండ తగలకూడదు కాబట్టి గొడుగు. 1993లో ఓప్రాతో ఈ విషయం చెప్పి, తాను నల్లజాతి అమెరికన్‌నేనని, తన జాతి అంటే తనకు గర్వమని అన్నాడు. చాలామంది నమ్మలేదు. 2009లో శవపరీక్ష నివేదికలో బొల్లి ఉన్నట్టే రాశారు. ముక్కుకు శస్త్రచికిత్సలు చేయించుకున్న మాట మాత్రం నిజం, తన ఆత్మకథలోనే ఒప్పుకున్నాడు. ఆ రెండింటినీ కలిపి ఒక కథ అల్లారు.

మా చెల్లెలికి పన్నెండో ఏట పెదవి పక్కన ఒక మచ్చ వచ్చింది. ఏడాది తిరిగేసరికి చేతులకూ వచ్చింది. బడిలో పక్కన కూర్చున్న పిల్ల బెంచీ మారింది. చేపలు తిని పాలు తాగించారా అని అమ్మను అడిగినవాళ్లున్నారు. పూర్వజన్మ పాపం అన్నవాళ్లున్నారు. పెళ్లిచూపులకు వచ్చి, కాఫీ గ్లాసు అందుకోకుండా వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. బొల్లి అంటుకోదు, కుష్ఠు కాదు, తిండి వల్ల రాదు. ఇది చర్మ వైద్యులు ఎవరైనా చెబుతారు. ఒకరోజు వార్తాపత్రికలో మైకేల్ జబ్బు గురించి చదివి, నా చెల్లెలు ఆ పేజీ కత్తిరించి దాచుకుంది. మా తరగతి గోడకు ఉన్న పటం తగిలించింది తనే.

ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన మనుషుల మధ్య పెరిగినవాళ్లం మనం. ఒంట్లో మార్పు ఆ మనిషి తప్పు కాదని నల్లగొండ జిల్లాకు ఇంకొకరు చెప్పాలా? మా తరగతిలో ఎవరైనా పిల్లలు ఆ పటం చూసి తెల్లదొర అని నవ్వితే, ఆ రోజు డాన్స్ ఆపి ఇదంతా చెబుతాను.

ఇండియాకు ఎప్పుడైనా వచ్చాడా?

కచేరీ చేసింది ఒక్కసారే. 1996 నవంబరు 1న, ముంబయి అంధేరీ క్రీడా ప్రాంగణంలో. హైదరాబాద్‌లో ఎన్నడూ పాడలేదు. మా మేనమామ అప్పుడు పాలమూరు నుంచి వలస వెళ్లి ముంబయిలో తాపీ పని చేస్తున్నాడు. అంధేరీ వైపే పని. ఆ రాత్రి ఎవరో దొర పాడుతున్నాడని, నేల అదురుతోందని, గోడ బయట నిలబడి విన్నామని ఊరికి వచ్చినప్పుడు చెప్పాడు. పేరు ఆయనకు తెలియదు. టిక్కెట్టు కొనగలిగినవాళ్లు లోపల, పట్నం కట్టినవాళ్లు బయట. అయినా మా బంధువుల్లో మైకేల్ గొంతును నేరుగా విన్నది ఆయన ఒక్కడే. పదేపదే అడిగి చెప్పించుకునేవాణ్ని.

పిల్లల విషయంలో ఆరోపణలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. దాచను. 1993లో ఒక పదమూడేళ్ల బాలుడి తరఫున లైంగిక వేధింపుల ఆరోపణ వచ్చింది. 1994 జనవరిలో డబ్బు చెల్లించి ఆ దావాను పరిష్కరించుకున్నారు. నేరారోపణ నమోదు కాలేదు. 2003లో మరో బాలుడి విషయంలో అరెస్టయ్యాడు. కాలిఫోర్నియాలో నెలల తరబడి విచారణ జరిగింది. 2005 జూన్ 13న జ్యూరీ అన్ని ఆరోపణల్లోనూ నిర్దోషి అని తేల్చింది. ఆయన చనిపోయాక, 2019లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో ఇద్దరు పురుషులు తమ చిన్నతనంలో తమను వేధించాడని చెప్పారు. ఆయన ఆస్తుల బాధ్యత చూసేవారు దాన్ని ఖండించారు. బతికి ఉండగా మైకేల్ ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఆయన పాట మీద ప్రేమ ఉంది కాబట్టి ఈ ప్రశ్న అడిగినవాళ్ల నోరు మూయించే హక్కు నాకు లేదు. పిల్లలు ఏదైనా చెబితే వినాలి, ఎంత పెద్ద పేరున్న మనిషి గురించైనా సరే. మా తరగతిలో పాఠం జరుగుతున్నంతసేపూ తలుపు తెరిచే ఉంటుంది. తల్లిదండ్రులు ఎప్పుడైనా లోపలికి రావచ్చు.

ఎలా చనిపోయాడు?

లండన్‌లో యాభై కచేరీలకు ఒప్పుకున్నాడు. 2009 జూలైలో మొదలు కావాలి. సాధన జరుగుతోంది, నిద్ర పట్టడం లేదు. ఆపరేషన్ గదిలో మత్తు కోసం ఇచ్చే ప్రొపొఫాల్ అనే మందును సొంత వైద్యుడు ఇంట్లోనే నిద్ర కోసం ఇచ్చాడు. జూన్ 25న గుండె ఆగింది. ఆ వైద్యుడికి 2011లో కోర్టు నాలుగేళ్ల శిక్ష వేసింది.

అంతకు చాలా ముందే, 1984లో, ఒక శీతల పానీయం ప్రకటన తీస్తుండగా బాణసంచా నిప్పు ఆయన జుట్టుకు అంటుకుని తల కాలింది. నష్టపరిహారంగా వచ్చిన 15 లక్షల డాలర్లను కాలిన గాయాల చికిత్స కోసం ఆసుపత్రికి ఇచ్చేశాడు. నొప్పి మందుల అలవాటుకు ఆ గాయమే మొదలు అంటారు.

ఒక చేతికే తొడుగు ఎందుకు? ప్యాంటు పొట్టిగా ఎందుకు?

రెండు తొడుగులకంటే ఒకటే ప్రత్యేకంగా కనిపిస్తుందని ఆయనే అన్నాడు. పొట్టి ప్యాంటు, తెల్ల మేజోళ్లు దూరంగా కూర్చున్నవాళ్లకు కూడా పాదాలు కనిపించడానికి.

పిల్లలు ఎందరు?

ముగ్గురు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు.

మా బాబుకు ఆరేళ్లు. మైకేల్‌లా తయారు చేస్తారా? ఫీజు ఎంతైనా ఇస్తాం.

ఈ ప్రశ్న ఏటా జూన్‌లో వస్తుంది. రోజూ రమ్మంటారా, ఆదివారం కూడా రమ్మంటారా అని అడుగుతారు. మైకేల్ చిన్నప్పుడు రికార్డింగుకు వెళ్లే దారిలో ఎదురుగా ఒక పార్కు ఉండేదట. అక్కడ ఆడుకునే పిల్లల కేకలు వింటూ లోపలికి వెళ్లి, ఏడ్చేవాణ్నని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఆ మాట చదివాక ఆరేళ్ల పిల్లలకు వారానికి రెండు గంటలకు మించి నేర్పడం మానేశాను. ఫీజు అందరికీ ఒకటే.

వినడం ఏ పాటతో మొదలుపెట్టాలి?

మొదట ‘ఐ విల్ బీ దేర్’. 1970 నాటిది. మాటలు అర్థం కాకపోయినా పరవాలేదు, బాల్యం ఇంకా పోని గొంతు పెద్దవాళ్ల మాటలను ఎలా మోస్తోందో వినండి. తర్వాత ‘హ్యూమన్ నేచర్’. గుసగుసలా మొదలై పైకి వెళుతుంది, ఎక్కడా అరవదు. ఆ తర్వాత ‘బిల్లీ జీన్’. గొంతు రాకముందు తాళం చాలాసేపు ఒంటరిగా నడుస్తుంది. దాన్ని కత్తిరిద్దామని క్విన్సీ జోన్స్ అంటే, తనకు ఆడాలనిపించేదే అక్కడ అని మైకేల్ ఒప్పుకోలేదు. మన తాళంలో చప్పట్లు మొదటి అక్షరం మీద పడతాయి. ఈ పాటలో గట్టి దెబ్బ రెండు మీద, నాలుగు మీద పడుతుంది. పిల్లలతో అక్కడ చప్పట్లు కొట్టించండి. రెండు మూడు రోజుల్లో ఒంట్లోకి దిగుతుంది.

చివరగా ‘ద వే యూ మేక్ మి ఫీల్’. దీన్ని ఫోను స్పీకరులో వద్దు, చెవిలో పెట్టుకుని వినండి. నేను చెప్పిన చిటికెలు, అడుగుల చప్పుళ్లు గొంతు పక్కనే దొరుకుతాయి. మా దగ్గర శనివారం సాయంత్రం మొదటి పావుగంట ఎవరూ లేచి ఆడరు. దీపం ఆర్పి, బండల మీద కూర్చుని, కళ్లు మూసుకుని ఈ పాట వింటాం. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చిన నా చెల్లెలు కూడా ఆ పావుగంట గుమ్మం దగ్గర కూర్చుంటుంది. కావాలంటే మీరూ రండి.